కాన్సాస్ దాకా కారులో: అటూ ఇటూ కాని రాష్ట్రాల మీదుగా

మా బావకి కాన్సాస్ సిటీలో కొత్త ఉద్యోగం దొరికింది. అక్కా పిల్లలూ ముందే విమానంలో వెళ్లిపోయారు, న్యూజెర్సీలో కారు మిగిలింది. దాన్ని ట్రక్కులో పంపించడానికి అడిగిన రేటు విని బావ "ఈ డబ్బులతో ఇద్దరం ఊళ్లు చూసుకుంటూ పోవచ్చు కదరా, నువ్వు కూడా రా" అన్నారు. నేను సరే అని ఒక షరతు పెట్టాను: స్టీరింగ్ ఎవరి చేతిలో ఉన్నా రూటు మాత్రం నాది.

మామూలుగా అయితే ఐ-70 హైవే పట్టుకుని పడమటికి పోతే సరిపోతుంది. నేను గీసింది వంకర రూటు. మేరీల్యాండ్, వెస్ట్ వర్జీనియా, కెంటకీ, మిస్సోరి. 1861లో దక్షిణాది రాష్ట్రాలు బానిసత్వాన్ని నిలుపుకోవడానికి విడిపోయి అమెరికా అంతర్యుద్ధం మొదలైనప్పుడు, బానిసత్వం ఉండి కూడా యూనియన్‌ను (లింకన్ అధ్యక్షుడిగా ఉన్న ఉమ్మడి దేశాన్ని) వదిలిపోని రాష్ట్రాలు, వెస్ట్ వర్జీనియా అయితే ఆ గొడవలోంచే పుట్టింది. వీటినే సరిహద్దు రాష్ట్రాలంటారు. డెలావేర్ కూడా ఆ జాబితాలోదే, కానీ న్యూజెర్సీ నుంచి దిగేటప్పుడు టోల్ కట్టి దాటేశాం, అంతకుమించి దాని గురించి రాసేది లేదు.

ఈ పిచ్చి ఎందుకంటే, మాది కోదాడ, బావ వాళ్లది జగ్గయ్యపేట. అక్క పెళ్లినాటికి రెండూ ఒకే రాష్ట్రం. 2014 జూన్ 2 తర్వాత అక్క పుట్టిల్లు ఒక రాష్ట్రం, అత్తిల్లు ఇంకో రాష్ట్రం అయ్యాయి. మా ఇళ్లలో పండక్కి ఫోన్ చేసినా చివరికి మాట నీళ్ల మీదికో రాజధాని మీదికో పోకుండా ఉండదు. బావకి యుద్ధభూములూ ఫిరంగులూ ఇష్టం. నాకు వాటిమీద అంత మోజు లేదు. గొడవ ముగిసి నూట అరవై ఏళ్లు దాటాక అది ఇంకా ఏ ఆఫీసులో, ఏ ఓటర్ల జాబితాలో దాక్కుని ఉందో చూడాలని నా ఆశ.

గురువారం: బాల్టిమోర్, యాంటీటమ్

బాల్టిమోర్ రేవు దగ్గర ప్రెసిడెంట్ స్ట్రీట్ స్టేషన్ అని పాత రైల్వే స్టేషన్ కొంత మిగిలి ఉంది. చుట్టూ లేచిన ఎత్తైన భవనాల మధ్య దాన్ని పట్టించుకునేవాళ్లు పెద్దగా కనపడలేదు. 1861 ఏప్రిల్ 19న వాషింగ్టన్‌ను కాపాడడానికి పోతున్న మసాచుసెట్స్ సైనికులు ఇక్కడ దిగారు. అప్పట్లో ఒక లైను నుంచి ఇంకో లైనుకి ఇంజను పోయేది కాదు, ఊరి మధ్య నుంచి క్యామ్డెన్ స్టేషన్ దాకా బోగీలను గుర్రాలతో లాగించాలి. దారిలో జనం అడ్డం పడ్డారు. రాళ్లతో మొదలై తుపాకుల దాకా పోయింది. నలుగురు సైనికులు, పన్నెండు మంది ఊరివాళ్లు చనిపోయారు.

మేరీల్యాండ్ అటు పోతే దేశ రాజధాని శత్రువుల మధ్యలో పడుతుంది. అందుకని లింకన్ మొహమాటపడలేదు. హెబియస్ కార్పస్ (కారణం చూపకుండా నిర్బంధించకూడదనే హక్కు) పక్కన పెట్టి, మేయర్ని, పోలీసు అధికారిని, శాసనసభ్యులను కూడా పట్టి లోపలేశాడు. లోపలంటే ఎక్కడ? ఫోర్ట్ మెక్‌హెన్రీలో. 1814లో ఆ కోట మీద ఎగిరిన జెండాను చూసే ఫ్రాన్సిస్ స్కాట్ కీ ఇప్పటి జాతీయ గీతం రాశాడు. 1861 సెప్టెంబరులో అదే కోటలో ఖైదీగా పడ్డ పత్రికా సంపాదకుడు ఒకాయన ఆ కీకి మనవడు. కల్పించి రాస్తే అతిగా ఉందంటారు.

నన్ను ఎక్కువసేపు ఆపింది మాత్రం జెండా. మేరీల్యాండ్ జెండాలో నలుపు పసుపు గళ్లు ఒక వంశానివి, ఎరుపు తెలుపు శిలువలు ఇంకో వంశానివి. యుద్ధంలో దక్షిణాది పక్షం వహించిన మేరీల్యాండ్ వాళ్లు ఎరుపు తెలుపును గుర్తుగా పెట్టుకున్నారు, ఆ రంగులు బయట కనబడితే యూనియన్ సైన్యానికి ఒళ్లు మండేది. తర్వాత రెంటినీ కలిపి కుట్టి 1904లో అధికారిక జెండా చేశారు. ఇప్పుడది టీషర్టులు, సాక్సులు, కారు వెనక స్టిక్కర్లు, అన్నిటిమీదా ఉంది, వేసుకునేవాళ్లలో ఎందరికి ఆ సంగతి తెలుసో. రాష్ట్ర గీతం కథ ఇంత సాఫీగా నడవలేదు. లింకన్‌ను నియంత అని తిట్టిన యుద్ధకాలపు పాటను 1939లో రాష్ట్ర గీతం చేసుకుని, 2021 దాకా అలాగే ఉంచుకున్నారు.

మధ్యాహ్నం యాంటీటమ్. ఇది బావ కోసం. 1862 సెప్టెంబరు 17న ఒక్క రోజులో రెండు వైపులా కలిపి చనిపోయినవాళ్లు, గాయపడ్డవాళ్లు, గల్లంతైనవాళ్లు సుమారు 23,000. బావ మొక్కజొన్న చేలో నిలబడి ఫోన్లో మ్యాప్ పెట్టుకుని ఎవరు ఎటునుంచి వచ్చారో చాలాసేపు చెప్పారు. నాకు గుర్తుండిపోయింది మేరీల్యాండ్ వాళ్ల స్మారకం. ఆ మైదానంలో రెండు పక్షాల సైనికులకూ కలిపి కట్టింది అదొక్కటే, ఎందుకంటే ఆ రాష్ట్రం కుర్రాళ్లు అక్కడ ఒకరినొకరు కాల్చుకున్నారు.

ఇంకో లెక్క చెప్పి ముందుకు పోతాను. 1864లో మేరీల్యాండ్ బానిసత్వాన్ని రద్దు చేసే కొత్త రాజ్యాంగానికి ఓటింగ్ పెట్టింది. అనుకూలం 30,174, వ్యతిరేకం 29,799. తేడా 375. అది కూడా బయట యుద్ధంలో ఉన్న సైనికుల ఓట్లు కలిపితేనే. ఊళ్లలో పడ్డ ఓట్లలో అయితే ఓడిపోయింది.

శుక్రవారం: హార్పర్స్ ఫెర్రీ, వీలింగ్

హార్పర్స్ ఫెర్రీ చాలా అందమైన ఊరు, రెండు నదులు కలిసే చోట కొండ వాలులో ఉంటుంది, దాని గురించి ఫొటోలు చాలా దొరుకుతాయి. 1859లో బానిసల తిరుగుబాటు లేవదీద్దామని జాన్ బ్రౌన్ ఇక్కడి ఆయుధాగారం మీద పడ్డాడు. ఆ దాడిలో మొదట చనిపోయింది హేవర్డ్ షెపర్డ్ అనే, బానిస కాని నల్లజాతి మనిషి, రైల్వే ఉద్యోగి. విముక్తి కోసం వచ్చినవాళ్ల తూటాకే పోయాడు. 1931లో దక్షిణాది వారసుల సంఘాలు ఆయన పేరున ఒక రాయి నిలబెట్టి, చూశారా నల్లవాళ్లు తిరుగుబాటు కోరుకోలేదు అన్న అర్థం వచ్చేలా చెక్కించాయి. చచ్చిపోయిన మనిషి ఇక కాదనలేడు కదా.

అక్కడినుంచి కొండల్లో నాలుగు గంటలు నడిపి వీలింగ్. ఓహాయో నది ఒడ్డున, ఒకప్పుడు బాగా బతికి ఇప్పుడు సగం ఖాళీ అయిన ఊరు. ఇక్కడి పాత కస్టమ్స్ ఆఫీసు భవనంలో వెస్ట్ వర్జీనియా పుట్టింది, ఇప్పుడది మ్యూజియం.

కథ ఏంటంటే, 1861 ఏప్రిల్‌లో వర్జీనియా యూనియన్ నుంచి వెళ్లిపోతామని తీర్మానించింది. పడమటి కొండ జిల్లాలకు తూర్పు వాళ్లతో ఎప్పటినుంచో పడదు. పన్నులు మావి, రోడ్లూ కాలువలూ వాళ్లవి, సీట్లూ వాళ్లవే అని ముప్పై నలభై ఏళ్లుగా గొణుగుడు. (బావ నా వైపు చూశారు. నేను రోడ్డు వైపు చూశాను.) రాజ్యాంగం ప్రకారం ఒక రాష్ట్రాన్ని చీల్చాలంటే ఆ రాష్ట్ర శాసనసభే ఒప్పుకోవాలి. రాజధాని రిచ్‌మండ్‌లో ఉన్నది ఎలాగూ ఒప్పుకోదు. అందుకని వీలింగ్‌లో కూర్చున్నవాళ్లు, అసలు వర్జీనియా ప్రభుత్వం మేమే అని ప్రకటించుకుని, ఫ్రాన్సిస్ పియర్‌పాంట్‌ను గవర్నర్‌గా పెట్టుకుని, తమ రాష్ట్రాన్ని చీల్చడానికి తామే అనుమతి ఇచ్చేసుకున్నారు. 1863 జూన్ 20న 35వ రాష్ట్రం.

"ఇదెక్కడి న్యాయంరా, విడిపోయేవాళ్లే ఉమ్మడి అసెంబ్లీ కూడానా?" అన్నారు బావ.

"మన దగ్గర ఉమ్మడి అసెంబ్లీ కాదన్నా అయింది కదా బావా. అక్కడా ఇక్కడా చివరికి మాట చెల్లింది ఢిల్లీదీ వాషింగ్టన్‌దీ."

"నువ్వు కోదాడ వాడివి, అలాగే అంటావు."

కొత్త రాష్ట్రంలో కలిపిన కౌంటీల్లో సగానికి దగ్గరగా అసలు విడిపోదామనుకోలేదు, దక్షిణాది వైపే ఓటు వేశాయి. తూర్పు కొసన ఉన్న బర్కిలీ, జెఫర్సన్ కౌంటీలు కొత్త రాష్ట్రంలో ఉండటానికి పెద్ద కారణం వాటిగుండా పోయే బాల్టిమోర్-ఓహాయో రైల్వే. యుద్ధం అయ్యాక వర్జీనియా ఆ రెండింటికోసం సుప్రీంకోర్టుకి వెళ్లి 1871లో ఓడిపోయింది. మేం పొద్దున చూసిన హార్పర్స్ ఫెర్రీ ఉన్నది ఆ జెఫర్సన్ కౌంటీలోనే.

అసలు రుచికరమైన భాగం అప్పు. 1861కి ముందు ఉమ్మడి వర్జీనియా కాలువలకీ రైల్వేలకీ చేసిన అప్పులో కొత్త రాష్ట్రం వాటా ఎంత? వర్జీనియా మూడో వంతు మీదేనంది. వీళ్లు ఆ డబ్బు ఖర్చుపెట్టింది మీ వైపే కదా, మాకేం సంబంధమన్నారు. తరాలు గడిచాయి. 1915లో సుప్రీంకోర్టు వడ్డీతో కలిపి సుమారు కోటీ 24 లక్షల డాలర్లు కట్టమంది. అప్పుడు కూడా వెంటనే కట్టలేదు, చివరి వాయిదా 1939లో తీరింది. విడిపోయి డెబ్బై ఆరేళ్లకు. ఆలోగా అవతల వర్జీనియాలో ఈ అప్పు మీదే ఒక రాజకీయ పార్టీ పుట్టింది, రీఅడ్జస్టర్లు అని, 1879లో శాసనసభ గెలిచారు. అప్పులవాళ్లకు కట్టే డబ్బు తగ్గించి బడులకు పెడదామని తెల్లవాళ్లనీ నల్లవాళ్లనీ ఒక గొడుగు కిందికి తెచ్చిన పార్టీ. ఆ కాలంలో దక్షిణాదిలో అది మామూలు విషయం కాదు, అందుకే ఎక్కువ రోజులు బతకనివ్వలేదు.

మన రెండు రాష్ట్రాలూ ఆస్తులూ అప్పులూ పంచుకునే 58.32, 41.68 శాతాల లెక్క మా ఇంట్లో చిన్నపిల్లలకి కూడా నోటికొచ్చు. తొమ్మిదో షెడ్యూలు, పదో షెడ్యూలు సంస్థల పంచాయితీ పదేళ్లు దాటినా తేలలేదని మనం విసుక్కుంటాం. రాత్రి హోటల్లో బావ అక్కకి ఫోన్ చేసి చెప్పిన మొదటి మాట: "వీళ్లకి డెబ్బై ఆరేళ్లు పట్టిందంటనే. మన కేసు ఇంకా పసిబిడ్డ."

శనివారం: చార్ల్స్‌టన్, శాండీ హుక్

వెస్ట్ వర్జీనియా రాజధాని కూడా ఊగిసలాడింది: మొదట వీలింగ్, తర్వాత చార్ల్స్‌టన్, మళ్లీ వీలింగ్, 1885 నుంచి చార్ల్స్‌టన్. క్యాపిటల్ (శాసనసభ భవనం) ఆవరణలో లింకన్ విగ్రహం ఉంది, అదే ఆవరణలో దక్షిణాది సేనాని స్టోన్‌వాల్ జాక్సన్ విగ్రహమూ ఉంది, 1910లో పెట్టింది. జాక్సన్ పుట్టిన క్లార్క్స్‌బర్గ్ ఇప్పుడు వెస్ట్ వర్జీనియాలో ఉంది, కానీ ఆ రాష్ట్రం పుట్టడానికి నెల ముందే ఆయన చనిపోయాడు, పైగా అది పుట్టకూడదని పోరాడినవాడు. ఇద్దరూ మావాళ్లే అనడం గొప్ప మనసా, తేల్చుకోలేకపోవడమా? అక్కడ నిలబడి బావా నేనూ కాసేపు వాదించుకున్నాం, బావ మొదటిదన్నారు.

అక్కడినుంచి కెంటకీలోకి. గ్రేసన్ దగ్గర హైవే దిగి ఏడో నంబరు రోడ్డు మీద దక్షిణానికి పోతే శాండీ హుక్ వస్తుంది, ఎలియట్ కౌంటీకి ముఖ్య పట్టణం. పట్టణమంటే నాలుగు వీధులు. కోర్టు, చర్చిలు, పెట్రోల్ బంకు. ఇక్కడికెందుకు తీసుకొచ్చావురా అని బావ అడగడం న్యాయమే. చూడటానికి ఏమీ లేదు. కానీ నా రూటంతా ఈ ఊరి కోసమే గీశాను.

ఎలియట్ కౌంటీ 1869లో ఏర్పడింది. అప్పటినుంచి 2012 దాకా ప్రతి అధ్యక్ష ఎన్నికలోనూ డెమోక్రాట్లకే ఓటు వేసింది. ఒక్కటి కూడా తప్పలేదు. దేశమంతా రిపబ్లికన్లు నిక్సన్, రీగన్‌ల గాలిలో కొట్టుకుపోయినప్పుడు కూడా. దాదాపు అందరూ తెల్లవాళ్లే ఉన్న ఈ కొండ కౌంటీ 2008లోనూ 2012లోనూ ఒబామాను గెలిపించింది. యుద్ధం అయ్యాక కెంటకీలో డెమోక్రాట్ అంటే దక్షిణాది మీద అభిమానం ఉన్నవాడు, రిపబ్లికన్ అంటే లింకన్ పార్టీవాడు. అక్కడ మొదలైన అలవాటు. తర్వాత 1930ల్లో రూజ్‌వెల్ట్ సాయం, పొగాకు రైతుల మద్దతు ధర, కార్మిక సంఘాలున్న ఉద్యోగాలు దానిమీద పొరలు పొరలుగా చేరాయి. తాత ఓటు తండ్రికి, తండ్రి ఓటు కొడుక్కి.

ఇక్కడికి కొన్ని గంటల దూరంలో, ఇదే కొండల్లో, ఇవే పేదరికాలతో, జాక్సన్ కౌంటీ ఉంది. వాళ్లు యుద్ధంలో యూనియన్ వైపు. ఒక్కసారి కూడా డెమోక్రాట్‌ను అధ్యక్షుడిగా కోరుకోలేదు. మట్టి ఒకటే, మతం ఒకటే, యాస ఒకటే. ముత్తాత ఏ రంగు యూనిఫాం వేసుకున్నాడన్న దాన్నిబట్టి నూట యాభై ఏళ్లు ఓట్లు పడ్డాయి.

ఆ తర్వాత 2016లో ఎలియట్ ఒక్క దెబ్బతో తిరిగిపోయింది, ట్రంప్‌కి సుమారు 70 శాతం. మళ్లీ వెనక్కి రాలేదు. మధ్యాహ్నం ఒక చిన్న హోటల్లో శాండ్‌విచ్ తింటుంటే పక్క బల్ల మీద ఒక పెద్దాయన ఎక్కడినుంచని పలకరించాడు. ఇండియా అన్నాం. రాజకీయాలు నేనే కదిపాను, బావ కాలితో తన్నినా ఆగలేదు. ఆయన కోపం తెచ్చుకోలేదు. మా నాన్న ఉంటే నన్ను ఇంట్లోకి రానిచ్చేవాడు కాదు అని నవ్వాడు. ఇక్కడి షెరీఫ్ ఎన్నికకి మాత్రం ఇప్పటికీ మనిషిని చూసి వేస్తానన్నాడు. బొగ్గు, పొగాకు రెండూ పోయాయి, వాటితోపాటు పార్టీ కూడా పోయిందన్నాడు. పార్టీ ముందు పోయిందా మీరు ముందు పోయారా అని అడగాలనిపించింది, కానీ అప్పటికే బావ బిల్లు కట్టేశారు.

ఆదివారం: లెక్సింగ్టన్, క్యాంప్ నెల్సన్

లెక్సింగ్టన్ నడిబొడ్డున కోర్టు పక్కన చీప్‌సైడ్ అనే చోట ఒకప్పుడు బానిసల వేలం జరిగేది. తర్వాత అక్కడే దక్షిణాది వీరుల విగ్రహాలు నిలబెట్టారు: 1887లో బ్రెకిన్‌రిడ్జ్, ఆయన దేశానికి ఉపాధ్యక్షుడిగా చేసి అటువైపు వెళ్లి యుద్ధమంత్రి అయినవాడు, 1911లో గుర్రం మీద సేనాని జాన్ హంట్ మోర్గాన్. మోర్గాన్‌కి బాగా పేరున్న గుర్రం ఆడది, విగ్రహంలో మాత్రం శిల్పి దాన్ని మగగుర్రం చేసేశాడు, కాలేజీ కుర్రాళ్లు ఆ భాగాలకి రంగులు పూయడం దశాబ్దాలపాటు ఆచారంగా నడిచిందట. 2017లో రెండు విగ్రహాలనూ తీసేసి, తర్వాత శ్మశానవాటికకు మార్చారు. ఇప్పుడా పార్కు పేరు హెన్రీ టాండీ అనే నల్లజాతి మేస్త్రీది, బానిసగా పుట్టి ఊళ్లో పేరున్న కట్టడాలు కట్టినవాడు.

లెక్క చూస్తే వింత. యుద్ధంలో కెంటకీవాళ్లు యూనియన్ వైపు పోరాడినవాళ్లే చాలా ఎక్కువ. రాళ్లు మాత్రం ఎక్కువ ఓడినవాళ్లకే లేచాయి. 1862లో డోనెల్సన్ కోటను యూనియన్ సేనాని గ్రాంట్‌కి అప్పగించి లొంగిపోయిన దక్షిణాది జనరల్ బక్నర్‌ను 1887లో గవర్నర్ చేసుకున్నారు. కెంటకీ యుద్ధం అయిపోయాక విడిపోయింది అని ఇక్కడ ఒక పాత వెటకారం ఉంది.

ఎందుకలా? సమాధానం మధ్యాహ్నం క్యాంప్ నెల్సన్‌లో దొరికింది. ఊరికి దక్షిణాన, 27వ నంబరు రోడ్డు మీద. కెంటకీ తెల్లవాళ్లలో చాలామంది యూనియన్ కోసం పోరాడారు కానీ బానిసల విడుదల కోసం కాదు. 1863 విముక్తి ప్రకటన ఈ రాష్ట్రాలకు వర్తించలేదు, అది తిరుగుబాటు ప్రాంతాలకే. కాబట్టి కెంటకీ బానిసకి ఉన్న దారి ఒక్కటే, సైన్యంలో చేరడం. చేరితే స్వేచ్ఛ. ఈ క్యాంపులో పదివేల మందికి పైగా అలా చేరారు. కానీ వాళ్ల వెంట వచ్చిన ఆడవాళ్లకీ పిల్లలకీ ఆ స్వేచ్ఛ లేదు, చట్టం ప్రకారం వాళ్లు ఇంకా యజమానుల సొత్తే. 1864 నవంబరులో, గడ్డకట్టే చలిలో, క్యాంపు అధికారి సుమారు 400 మందిని గుడిసెల్లోంచి లాగి బండ్లలో బయటికి పంపేశాడు. వాళ్లలో 102 మంది చనిపోయారు. ఆ తండ్రులు అప్పుడు ఆ సైన్యపు యూనిఫాంలోనే ఉన్నారు.

దానిమీద దేశమంతా గగ్గోలు పుట్టి, 1865 మార్చిలో సైనికుల భార్యాపిల్లలకు స్వేచ్ఛ ఇస్తూ కాంగ్రెస్ చట్టం చేసింది. కెంటకీ శాసనసభ మాత్రం బానిసత్వాన్ని రద్దు చేసే 13వ సవరణను తిరస్కరించింది. తర్వాత ఎప్పుడు ఆమోదించిందో తెలుసా? 1976. దానివల్ల ఎవరి బతుకూ మారలేదు, 1865 డిసెంబరులోనే అది దేశమంతటికీ చట్టం. కానీ నూట పదేళ్లపాటు ఎవరికీ ఆ కాగితం మీద సంతకం పెట్టాలనిపించలేదు.

క్యాంప్ నెల్సన్ శ్మశానంలో వరుసగా తెల్లరాళ్లు. బావ రోజంతా ఫిరంగుల ఊసే ఎత్తలేదు.

సోమవారం: హాజన్‌విల్, ఫెయిర్‌వ్యూ

లింకన్ పుట్టింది కెంటకీలోనే, 1809లో, హాజన్‌విల్ దగ్గర. ఆయనతో పోరాడిన దక్షిణాది అధ్యక్షుడు జెఫర్సన్ డేవిస్ పుట్టింది కూడా కెంటకీలోనే, 1808లో, ఫెయిర్‌వ్యూలో. మధ్య దూరం సుమారు వంద మైళ్లు. లింకన్‌కి గుడిలాంటి గ్రానైట్ మంటపం కట్టారు, ఆయన బతికిన ఏళ్లకి గుర్తుగా 56 మెట్లు, లోపల చిన్న కర్ర గుడిసె (అది ఆయన పుట్టిన గుడిసె కాదు, నమూనా). డేవిస్‌కి 351 అడుగుల కాంక్రీటు స్తంభం, 1924లో పూర్తయింది. చుట్టూ చదునైన పొలాలు, చాలా దూరం నుంచే ఆకాశంలో పొడుచుకుని కనిపిస్తుంది. ఈ మధ్యలో టైమ్ జోన్ మారి మాకు ఒక గంట కలిసొచ్చింది.

1860 ఎన్నికల్లో సొంత రాష్ట్రం కెంటకీ లింకన్‌కి వేసిన ఓట్లు 1,364. ఒక్క శాతం కూడా కాదు. అయినా 1861 సెప్టెంబరులో ఆయన ఒక స్నేహితుడికి రాసిన ఉత్తరంలో, కెంటకీ పోతే దాదాపు ఆటంతా పోయినట్టేనన్నాడు. ఆ ఏడాది మేలో కెంటకీ మేం తటస్థం అని ప్రకటించింది, రెండు సైన్యాలూ రావద్దంది. ఆ తటస్థత సెప్టెంబరు దాకా నడిచింది. దక్షిణాది సైన్యం ముందు కాలు పెట్టింది, వెంటనే గ్రాంట్ పడూకాలో దిగాడు, శాసనసభ యూనియన్ వైపు తేల్చింది. కాదన్నవాళ్లు రసెల్‌విల్‌లో కూడి ఇంకో ప్రభుత్వం పెట్టుకున్నారు. దక్షిణాది జెండాలో కెంటకీకి ఒక నక్షత్రం, యూనియన్ జెండాలో ఒకటి.

కెంటకీ రాజధాని ఫ్రాంక్‌ఫర్ట్‌లోని క్యాపిటల్ గుమ్మటం కింద కూడా 2020 దాకా లింకన్, డేవిస్ ఇద్దరూ ఉండేవాళ్లు. డేవిస్‌ను ఆ జూన్‌లో తీసేశారు. ఫెయిర్‌వ్యూ స్తంభాన్ని ఎవరు మాత్రం తీయగలరు.

మంగళవారం: పడూకా మీదుగా సెయింట్ లూయిస్

కెంటకీ పడమటి కొసను జాక్సన్ పర్చేజ్ అంటారు. ఇక్కడివాళ్లు 1861లో మేఫీల్డ్‌లో సమావేశమై, కెంటకీ తేల్చుకోకపోతే మేమే టెనెసీ పడమటి భాగంతో కలిసి వెళ్లిపోతామనుకున్నారు. విడిపోయేవాళ్లలోంచి విడిపోయేవాళ్లు. పడూకాలో కాఫీ తాగి, ఇల్లినాయిస్ దాటి సెయింట్ లూయిస్ చేరేసరికి సాయంత్రం.

మిస్సోరిలో విడిపోవడం గురించి తేల్చడానికే పెట్టిన సభ 98-1 తేడాతో వద్దంది. గవర్నర్ క్లైబోర్న్ జాక్సన్‌కి మాత్రం అటు పోవాలనే ఉంది. మే 10న నతానియల్ లయాన్ అనే కెప్టెన్, ఎక్కువగా జర్మన్ వలసదారులున్న దళాలతో, గవర్నర్ సైనిక శిబిరాన్ని చుట్టుముట్టి లొంగదీసుకున్నాడు. ఖైదీలను ఊరి మధ్య నుంచి నడిపిస్తుంటే గొడవైంది, కాల్పుల్లో సుమారు 28 మంది చనిపోయారు. ఆ శిబిరం ఉన్నచోట ఇప్పుడు సెయింట్ లూయిస్ యూనివర్సిటీ. వలస వచ్చినవాళ్లు, ఇంగ్లీషు సరిగా రానివాళ్లు, ఊరి గొడవలో పక్షం ఎంచుకోవడం స్థానికులకి ఎలా అనిపించి ఉంటుందో నాకు అర్థమైంది.

నేను వెతికింది ఇక్కడ దొరికింది. లయాన్ కంటే ముందే, 1861 మార్చిలో, సెయింట్ లూయిస్ పోలీసులను ఊరి చేతిలోంచి తీసేసి గవర్నర్ నియమించే బోర్డు కింద పెట్టారు. యూనియన్ వైపున్న ఊరి చేతిలో తుపాకులు ఉండకూడదని. యుద్ధం పోయింది, బానిసత్వం పోయింది, గవర్నర్ జాక్సన్ రాష్ట్రం వదిలి పారిపోయి చచ్చిపోయాడు, బోర్డు మాత్రం ఉండిపోయింది. 2012లో రాష్ట్రమంతా ఓటు వేస్తే, మరుసటి ఏడాది పోలీసులు ఊరికి తిరిగొచ్చారు. 2025 మార్చిలో శాసనసభ మళ్లీ చట్టం చేసి రాష్ట్రం కిందికే లాగేసుకుంది. కారణాలు ఇప్పుడు వేరే, నేరాలు, ఖాళీ ఉద్యోగాలు అంటారు. కానీ నల్లవాళ్లు ఎక్కువగా ఉన్న ఊరు ఒకవైపు, పల్లెల ఓట్లతో నడిచే రాష్ట్రం ఒకవైపు, మధ్యలో అదే బోర్డు. కాన్సాస్ సిటీ (పేరలా ఉన్నా అదీ మిస్సోరి ఊరే) పోలీసులదీ ఇదే పరిస్థితి, 1939 నుంచి ఆగకుండా.

బుధవారం: బట్లర్, గ్రాండ్‌వ్యూ, ఇల్లు

మిస్సోరి పడమటి అంచున యుద్ధం సైన్యాల మధ్య కాదు, ఇరుగుపొరుగు మధ్య జరిగింది. 1863 ఆగస్టు 21న దక్షిణాది పక్షపు క్వాంట్రిల్ ముఠా మిస్సోరి వైపు నుంచి వెళ్లి కాన్సాస్‌లోని లారెన్స్ ఊళ్లో 150 మందికి పైగా మగవాళ్లనీ కుర్రాళ్లనీ చంపింది. నాలుగు రోజులకు యూనియన్ జనరల్ థామస్ యూయింగ్ పదకొండో నంబరు ఉత్తర్వు ఇచ్చాడు: సరిహద్దు కౌంటీల్లో పల్లెల జనమంతా ఖాళీ చేయాలి, పదిహేను రోజుల్లో. ఎవరు ఏ పక్షమని చూడలేదు. ఇళ్లు తగలబెడితే మిగిలినవి పొగగొట్టాలే. ఈ యూయింగ్, జార్జియాని తగలబెట్టిన యూనియన్ సేనాని షెర్మన్‌కి స్వయానా బావమరిది. "చూశావా, బావమరుదులతో ఇదే" అన్నారు బావ.

బట్లర్, అలా ఖాళీ చేసిన బేట్స్ కౌంటీలోది. కోర్టు ముందు పచ్చికలో ఒక నల్లజాతి సైనికుడి విగ్రహం ఉంది. 1862 అక్టోబరులో కాన్సాస్ నుంచి వచ్చిన నల్లజాతి దళం ఇక్కడికి దగ్గర్లో ఐలండ్ మౌండ్ దగ్గర పోరాడి నిలబడింది. కెంటకీలో చూసినవన్నీ చూశాక, ఇది ఇక్కడ ఉండటం నేను ఊహించలేదు.

తిరిగి ఉత్తరానికి వచ్చి గ్రాండ్‌వ్యూలో, తర్వాత డెమోక్రాట్ అధ్యక్షుడైన ట్రూమన్ కుటుంబం పొలం. ట్రూమన్ తల్లి చిన్నప్పుడు ఆ ఉత్తర్వుకి ఇల్లు వదిలిన పిల్ల. 1905లో ట్రూమన్ నేషనల్ గార్డ్‌లో చేరి కొత్త నీలం (యూనియన్ సైన్యపు రంగు) యూనిఫాంతో వెళితే, అమ్మమ్మ అది వేసుకుని మళ్లీ ఈ గడప తొక్కొద్దందట. తల్లి ముసలితనంలో కొడుకు ఉన్న వైట్‌హౌస్‌కి వెళ్లినప్పుడు కూడా లింకన్ మంచం మీద పడుకోమంటే పడుకోనందని చెబుతారు. ఆ ఇంట్లో పెరిగిన మనిషే 1948 జూలైలో సైన్యంలో నల్ల తెల్ల విభజన ఎత్తేస్తూ ఉత్తర్వు ఇచ్చాడు. బావ దీన్ని ఓదార్పుగా తీసుకున్నారు. నేను పూర్తిగా తీసుకోలేదు, ఎందుకంటే దక్షిణాది డెమోక్రాట్లు పార్టీని చీల్చుకుని వేరే అభ్యర్థిని నిలబెట్టింది కూడా ఆ ఏడాదే, శాండీ హుక్ పెద్దాయన చెప్పిన పార్టీ పోవడం ఎక్కడ మొదలైందని అడిగితే నేను ఆ ఏడాది పేరే చెబుతాను.

అక్క ఇల్లు ఓవర్‌ల్యాండ్ పార్క్‌లో, అంటే కాన్సాస్ వైపు. స్టేట్ లైన్ రోడ్డుకి ఒక పక్క మిస్సోరి, ఇంకో పక్క కాన్సాస్, రెండు పక్కలా ఒకేలాంటి ఇళ్లు, ఒకేలాంటి చెట్లు. రెండు రాష్ట్రాలూ పన్ను రాయితీలిచ్చి ఒకరి కంపెనీలను ఒకరు ఏళ్లతరబడి లాక్కుని, 2019లో ఇక చాలని సంధి చేసుకున్నాయి. 2024లో మిస్సోరిలో ఉన్న ఫుట్‌బాల్, బేస్‌బాల్ జట్లను తమవైపు రప్పించుకోవడానికి కాన్సాస్ ఏకంగా చట్టమే చేసింది. మేనల్లుడు అప్పుడే స్కూల్లో ఎవరివైపో తేల్చుకుని వచ్చాడు, కాన్సాస్ యూనివర్సిటీ టోపీ పెట్టుకుని తిరుగుతున్నాడు, మిస్సోరి వాళ్లంటే పడదట. ఎందుకురా అంటే "అంతే మామా, ఇక్కడ అందరూ అంతే" అన్నాడు.

బావ ఆఫీసు మాత్రం మిస్సోరి వైపు. రెండు రాష్ట్రాల్లో రిటర్నులు వేయాలి, పైగా కాన్సాస్ సిటీలో పనిచేస్తున్నందుకు ఊరికి ఒక శాతం పన్ను. పప్పుచారు వడ్డిస్తూ అక్క అడిగింది, ఇల్లు అటువైపే తీసుకుని ఉంటే సరిపోయేది కదా అని. అద్దె ఒప్పందం మీద సంతకం పెట్టింది నువ్వే కదే అన్నారు బావ.